వంకర చీల మీద వచ్చిన మెమో

1960 జనవరిలో నన్ను కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ తాలూకాలోని ఒక చిన్న సెక్షనుకు వర్క్ మేస్త్రీగా బదిలీ చేశారు. ఆర్డరు కాగితంలో ‘పరిపాలనా సౌలభ్యం కొరకు’ అని ఉంది. ఎవరి సౌలభ్యమో రాయలేదు గాని, నాది మాత్రం కాదని బస్సెక్కిన గంటలోనే నా నడుముకు తెలిసింది.

వర్క్ మేస్త్రీ అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. పైన ఇంజనీరు, ఆయన కింద ఓవర్సీరు, ఓవర్సీరు కింద వర్క్ మేస్త్రీ, మేస్త్రీ కింద వడ్రంగులు, కూలీలు. ఓవర్సీరు మాట కూలీలకు అర్థమయ్యేటట్టు చెప్పడం, కూలీల మాట ఓవర్సీరుకు వినపడకుండా చూడటం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన భాగం. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. నేను నాలుగు తరగతులు ఉర్దూలో చదివి, ఐదో తరగతి గుమ్మం దాకా వెళ్లి, లెక్కల మౌల్వీ సాబ్ చేతిలో కర్ర చూసి, చదువుకు నేను చేసిన సేవ ఇక చాలనుకుని వెనక్కి వచ్చినవాణ్ణి.

అప్పటికి తొమ్మిదేళ్లుగా నేను ‘వర్క్‌చార్జ్‌డ్’ మనిషిని. అంటే పని ఉన్నన్నాళ్లే ఉద్యోగం. పని పూర్తయితే మనిషి కూడా పూర్తయినట్టే లెక్క. పర్మనెంటు కావాలంటే ఒక పనిని పునాది నుంచి చివరి దాకా చేయించి, ఓవర్సీరు చేత ‘పని తృప్తికరం’ అని రాయించుకోవాలి. ఆ రెండు మాటల కోసం నేను మూడు తాలూకాలు తిరిగాను. బదిలీ సంగతి చెప్పినప్పుడు నా భార్య పెట్టె సర్దుతూ ఒకే ప్రశ్న వేసింది. “తొమ్మిదేండ్ల సంది నీ పనితోని ఒక్కలకు గూడ తృప్తి కాలేదా?”

కొత్త సెక్షనులో నాకు అప్పగించిన పని ఒక కాలినడక వంతెన. ఊరి పేరు చెప్పను. వాగుకు ఇవతల పెద్ద ఊరు, అంగడి, బడి, కాంపౌండరు. అవతల నలభై ఇళ్ల చిన్న పల్లె. వానాకాలం నాలుగు నెలలు ఆ పల్లెకు ఈ ఒడ్డు పరాయి దేశం. అందుకని కొయ్య వంతెన మంజూరైంది. ఆరు చట్రాలు. చట్రమంటే తలుపు లేని దర్వాజా అనుకోండి: రెండు గుంజలు, వాటిని కలుపుతూ పైన ఒక అడ్డదూలం, నడుమ ఇంకొకటి. ఆ ఆరింటినీ వాగులో వరసగా నిలబెట్టి, వాటి మీద పొడవు దూలాలు, ఆపైన పలకలు పరవాలి. మిర్గం కార్తె లోపల, అంటే జూన్ మొదటి వారానికి అయిపోవాలి. తర్వాత వాగు మాట వినదు.

చట్రాల్లోని అతుకులన్నీ ఇనుప బోల్టులతో బిగించాలని ఎస్టిమేటులో రాశారు. ఆ రోజుల్లో ఇనుముకు పర్మిటు కావాలి. పర్మిటు కోసం మేం రాశాం. వాళ్లు రాశారు. మళ్లీ మేం రాశాం. ఫిబ్రవరిలో చివరి జవాబు వచ్చింది: బోల్టులు వచ్చుటకు సమయము పట్టును, పని మాత్రము ఆపరాదు. ఈ రెండు వాక్యాలనూ ఒకే మనిషి, ఒకే కలంతో, ఒకే రోజున రాశాడన్నది గమనించాలి.

నేను ఆ కాగితం పట్టుకుని వడ్ల భూమయ్య దగ్గరికి వెళ్లాను. ఆ ఊళ్లో బండ్లు, నాగళ్లు, దర్వాజాలు చేసేది ఆయనే. అరవై దాటిన మనిషి. ఎదుటివాణ్ణి ముందు ఎగాదిగా చూసి, ఏ కలపతో చేశారో అంచనా వేసి, తర్వాత మాట్లాడేవాడు. మొదటి వారంలోనే నన్ను అల్లుడా అని పిలవడం మొదలుపెట్టాడు గనక నేను మామా అనేవాణ్ణి.

“బోల్టు లేకుంటె ఆగుతదా అల్లుడా?” అన్నాడు. “మా తాత బోల్టు మొకం సూసిండా? ఆయన చేసిన బండి మంచిర్యాల దాక నడ్వలేదా? కొయ్యకు కొయ్య చీల కొడ్దం.”

ఇంజనీరు గారు ఒప్పుకున్నారు. కాని రేట్ల పుస్తకంలో కొయ్య చీల అనే వస్తువు లేదు. పుస్తకంలో లేని వస్తువును సర్కారు వాడదు. రెండు రోజులు ఆలోచించి గుమాస్తా ఆ వస్తువుకు పేరు పెట్టాడు: ‘బోల్టు, ఇనుము మినహా’. ఆ పేరుతోనే మంజూరైంది.

ఇప్పుడు చీల ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. తర్వాత జరిగిన గొడవంతా ఇందులోనే ఉంది.

భూమయ్య చిరుమాను అనే గట్టి చెట్టును కొట్టించి, అది పచ్చిగా ఉండగానే జానెడు ముక్కలు కోసేవాడు. అక్కడితో రంపం పని అయిపోతుంది. ముక్కను నిలబెట్టి, వెడల్పాటి కత్తిని దాని తల మీద ఆనించి, కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే నార ఎటు పోతే అటే చీలుతుంది. రంపంతో కోస్తే నార మధ్యలో తెగుతుంది, తెగినచోట చీల విరుగుతుంది. చీలిన ముక్కను కాలి బొటనవేలికీ పక్కవేలికీ నడుమ ఇరికించి బాడిసెతో చెక్కేవాడు. పచ్చి కొయ్య కనుక దోసకాయ చెక్కు తీసినట్టు వచ్చేది. నేను ఒకసారి ప్రయత్నిస్తే, కొయ్య కంటే నా బొటనవేలు మెత్తన అని తేలింది.

ఇలా చెక్కినవి కాస్త లావుగానే ఉంచి, నెల రోజులు ఎండబెట్టాలి. ఎండకు పెడితే పగుళ్లిస్తాయి. పొయ్యి మీద వెదురు తట్ట వేలాడదీసి, అందులో పోసి పొగకు ఆరనియ్యాలి. పొయ్యి భూమయ్య భార్య మల్లవ్వది. ప్రభుత్వ ఖర్చు లేకుండా ఆ వంతెనకు పనిచేసిన ఏకైక యంత్రం ఆ పొయ్యి. నేను వెళ్లినప్పుడల్లా ఆమె తట్ట వైపు చూపించి, “మా ఇంట్ల కూర లేదు గని అల్లుడా, చీలలు దండిగున్నయి. రెండు వడ్డియ్యన్నా?” అనేది.

బాగా ఎండి, పొగకు నల్లబడిన తర్వాత ఒక్కో చీలను ఇనుప పట్టా రంధ్రంలోంచి సుత్తితో కొట్టి దూర్చేవాడు. పాత బండి చక్రం పట్టాను ముక్క చేసి, దానికి కావలసిన కొలతలో రంధ్రాలు పెట్టుకున్నాడు. ఇటు నుంచి పలకలుగా పోయిన చీల అటు నుంచి గుండ్రంగా వచ్చేది. వంతెన దూలాలు అడవి నుంచి అప్పుడే వచ్చినవి, ఇంకా పచ్చివి. పచ్చి దూలంలో ఎండు చీల దిగితే, చీల ఆ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, దూలం ఆరుతూ ముడుచుకుని చీలను పట్టుకుంటుంది. దీన్ని తలకిందులు చేసి పచ్చి చీల కొడితే చీలే ఆరి సన్నబడుతుంది. ఆ ముక్క గుర్తుంచుకోండి.

రెండో కిటుకు రంధ్రంలో ఉంది. అడ్డదూలం చివరను నాలుకలా చెక్కుతారు. గుంజకు ఆ నాలుక పట్టే గుంట తొలుస్తారు. నాలుక గుంటలో కూర్చున్న తర్వాత రెండింటినీ కలిపి అడ్డంగా చీల కొట్టాలి. కొత్తవాడైతే రెండింటికీ ఒకేసారి బర్మా తిప్పి తిన్నగా రంధ్రం పెడతాడు. భూమయ్య అలా చేయడు. ముందు గుంజకు రంధ్రం పెట్టి, నాలుకను గుంటలో కూర్చోబెట్టి గుర్తు పెట్టుకుని, మళ్లీ బయటికి తీసి, ఆ గుర్తు మీద కాకుండా కాస్త వెనక్కి, దూలం వైపుకు జరిపి రంధ్రం పెడతాడు. ఎంత జరుపుతాడంటే నూలు కంటే కొంచెం తక్కువ. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మొన సన్నగా ఉన్న చీల ఈ ఎగుడుదిగుడు రంధ్రాల్లోంచి వంగుతూ దిగి, నాలుకను గుంటలోకి లాక్కుంటుంది. ఆ అతుకు సందులో తర్వాత పోస్టుకార్డు కూడా దూరదు. ఈ పద్ధతికి వాళ్ల ఇంట్లో పేరు ‘గుంజుడు’, అంటే లాగడం.

“నేరుగుంటె చీల ఉత్తగ నిలవడ్తది” అన్నాడు భూమయ్య. “జరంత అడ్డం పెడ్తెనే పని చేస్తది. మా ఇంటామె గూడ గంతే.”

లోపల నుంచి మల్లవ్వ, “గందుకే ఈయన గిన్ని దినాలు ఊడిపోకుంట ఉన్నడు” అంది.

మార్చి నెలాఖరుకు ఆరు చట్రాల కలప చెక్కడం, రంధ్రాలు పెట్టడం పూర్తయింది. నలభై ఎనిమిది చీలలు, పైన ఒక డజను అదనం, తట్టలో తయారుగా ఉన్నాయి. అప్పుడు ఓవర్సీరు నరహరి గారు తనిఖీకి వచ్చారు.

నరహరి గారు హైదరాబాదులో డిప్లొమా చదివి కొత్తగా చేరినవారు. పాతికేళ్లుంటాయి. తెల్ల పాంటు, జేబులో ఉక్కు టేపు. మంచి మనిషి, నిజాయితీపరుడు. ఆయన నిజాయితీని నేను ఈ రోజుకూ శంకించను. నిజాయితీ లేనివాడైతే టీ తాగి సంతకం పెట్టి పోయేవాడు, రంధ్రాల్లోకి తొంగి చూసేవాడే కాదు.

ఆయన చూశారు. మొదటి చట్రాన్ని నేల మీద పేర్చి, నాలుకలు గుంటల్లో పెట్టి ఉంచాం, చీలలు ఇంకా కొట్టలేదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి మొదటి రంధ్రంలోంచి చూశారు. రెండోది చూశారు. ఎనిమిదీ చూసి లేచారు.

“లచ్చయ్యా, ఇదేంది? ఇవతల పూర్ణ చంద్రుడు, అవతల నెలవంక. ఒక్క రంధ్రం కూడ కలువలేదు.”

“కావాలనే పెట్టిండు సార్.”

“కావాలని తప్పు చేసిండా?”

“తప్పు కాదు సార్, గుంజుడు.”

ఆయన డ్రాయింగు తీసి దూలం మీద పరిచి, గుంజుడు ఎక్కడుందో చూపించమన్నారు. నేను చూశాను. గుంజుడు లేదు. నిజానికి అందులో భూమయ్య కూడా లేడు, వాగు కూడా సగమే ఉంది. కాని పర్మనెంటు కావలసిన మనిషి ఇలాంటి విషయాలు డ్రాయింగు గీసినవారితో చెప్పడు.

భూమయ్య చెప్పాడు. చేతులతో, బర్మాతో, చివరికి తన బొటనవేలితో కూడా చెప్పాడు. నరహరి గారు ఓపికగా విని, “పెద్దమనిషీ, నువ్వు చెప్పేది బండికి చెల్లుతది. ఇది ప్రభుత్వ పని” అన్నారు. తర్వాత చీలల తట్ట చూసి ఒకటి తీసి వాసన చూశారు. నల్లగా, పొగ కంపుతో ఉంది.

“ఇవి ఏ పాతింటి నుంచి ఊడబెరికిండ్రు?”

మల్లవ్వ అక్కడే ఉంది. “పాతిల్లు కాదు సారూ, నా పొయ్యి మీదియి. నెల దినాలు కాసిన” అంది. ఆ జవాబుతో ఆయన అనుమానం తీరకపోగా బలపడింది.

సైట్ ఆర్డర్ బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. అధికారి పని దగ్గర ఇచ్చే ఆజ్ఞలు అందులో రాసి సంతకం చేస్తారు, కింద మేస్త్రీ ‘చూశాను’ అని సంతకం చేయాలి. నరహరి గారు అందంగా రాశారు: రంధ్రములన్నియు సరిచేయవలెను, ప్రతి రంధ్రము గుండా కడ్డీ అడ్డులేక దూరవలెను, పాత చీలలు వాడరాదు, కొత్తవి చేయవలెను. కింద నేను చూశానని సంతకం పెట్టాను. ఏం చూశానో రాయడానికి జాగా లేదు.

ఆయన మాటలతో ఆగలేదు. మొదటి చట్రాన్ని నమూనాగా తన కళ్ల ముందే చేయించారు. భూమయ్య రంధ్రాలను కడ్డీ దూరేదాకా పెద్దవి చేశాడు. అప్పటికప్పుడు పచ్చి చిరుమాను చీల్చి ఎనిమిది చీలలు చెక్కాడు. అవి ముల్లంగి దుంపల్లా తెల్లగా, నున్నగా ఉన్నాయి. కొడుతుంటే కష్టపడకుండా దిగాయి. నరహరి గారికి అది చాలా నచ్చింది. “చూసినవా, ఎంత సుఖంగ దిగుతున్నయో” అన్నారు. మిగతా ఐదూ ఇలాగే చేయమని, పదిహేను రోజుల్లో మళ్లీ వస్తానని, నా పర్మనెంటు కాగితం కూడా అప్పుడే రాస్తానని చెప్పి జీపు ఎక్కారు.

జీపు దుమ్ము సర్దుకుంది. భూమయ్య బాడిసె నేల మీద పెట్టి కూర్చున్నాడు.

“అల్లుడా, నీ నౌకరీకి అడ్డం రాను. నువ్వు చెయ్యమంటె తెల్లటియే కొట్టి పోత. కని నా బిడ్డను అవతలి ఊళ్లె ఇచ్చిన. వారం వారం నెత్తి మీద గంపతోని ఆ వంతెన మీదికెల్లే అంగడికి వస్తది. గది జర యాది పెట్టుకో.”

నాకు కోపం వచ్చింది. ఆయన తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది, నేనూ తిట్టి ఆర్డరు ప్రకారం పని చేయించేవాణ్ణి. నా ముందు రెండు దారులున్నాయి. ఆర్డరు ప్రకారం చేస్తే కాగితం మీద తృప్తి, వాగులో ఊగే వంతెన. భూమయ్య ప్రకారం చేస్తే వంతెన గట్టిది, నా ఉద్యోగం ఊగుతుంది. ఆ సాయంత్రం రెండు బీడీలు కాల్చేదాకా మూడో దారి తట్టలేదు. తట్టిన తర్వాత ఇంత చిన్న విషయానికి రెండో బీడీ దండగ అనిపించింది.

ఓవర్సీరు తొంగి చూసేది రంధ్రంలోకి. చీల దిగిన తర్వాత రంధ్రం ఉండదు.

మర్నాడు పొద్దున్నే భూమయ్యతో చెప్పాను. ఆయన నన్ను మళ్లీ ఎగాదిగా చూసి, “నువ్వు మంచి కలపనే ఉన్నవ్ గద” అన్నాడు. ఐదు చట్రాలకూ గుంజుడు అలాగే ఉంచి, మల్లవ్వ తట్టలోని నల్ల చీలలు నలభై, నాలుగు రోజుల్లో దించేశాం. ఒక్కటి కూడా సుఖంగా దిగలేదు. ప్రతిదీ మూలుగుతూ, కిర్రుమంటూ దిగింది. మిగిలిన చివరలు సమంగా కోసేశాం. కోసిన చోట కొయ్య తెల్లగా మెరిసింది గనక అవి నల్లవో తెల్లవో తెలిసే మార్గం కూడా పోయింది.

పదిహేను రోజులన్న నరహరి గారు ఇరవయ్యో రోజున వచ్చారు. చట్రాలు తట్టి చూశారు, ఊపి చూశారు. నమూనా చట్రాన్నీ, మిగతావాటినీ పక్కపక్కన చూసి చాలా సంతోషించారు.

“చూడు లచ్చయ్యా, ఒక్కసారి సరిగ్గ చెప్తె మనవాళ్లు ఎంత బాగ చేస్తరో.”

“మీ దయ సార్” అన్నాను. భూమయ్య ఏదో అనబోతే ఆయన కాలు తొక్కాను.

నరహరి గారు నా కాగితం మీద ‘పని తృప్తికరం’ అని రాసి, అది పై ఆఫీసుకు పంపడానికి తన సంచిలో పెట్టుకున్నారు. మే నెలాఖరుకు వంతెన నిలబడింది. నమూనా చట్రాన్ని ఇవతలి ఒడ్డు దగ్గర, వచ్చేవారికి మొదట కనబడేచోట పెట్టమన్నారు. దానికే పూలదండ వేశారు.

మిర్గం నాటికి వానలు మొదలయ్యాయి. వాగు వచ్చింది, వంతెన మీద జనం నడిచారు. జులై దాటేసరికి ఎండావానల మధ్య పచ్చి చీలలు ఆరి సన్నబడ్డాయి, కడ్డీ దూరిన రంధ్రాల్లో వాటికి పట్టు లేకపోయింది. మొదటి చట్రం ఊగడం మొదలుపెట్టింది. మిగతా ఐదూ కదలలేదు. జనానికి విషయం తొందరగానే అర్థమైంది. అవతలి ఊరి ఆడవాళ్లు గంపలతో దాటుతూ, చివరి పది అడుగుల దగ్గరికి వచ్చేసరికి ఒకరినొకరు హెచ్చరించుకునేవారు. భూమయ్య బిడ్డ నా ముందే ఒక ముసలామెకు చెప్పింది: “అవ్వా, గిక్కడిదాక ఫికర్ లేదు. గిక్కడికెల్లి ఓవర్సీరు ఊయల. కొంగు బిగియ్.”

ఒక పెద్ద వానకు రెండు చీలలు ఊడి కొట్టుకుపోయాయి. కింద రేవులో బట్టలుతుకుతున్న మల్లవ్వకే దొరికాయి. తెచ్చి నా చేతిలో పెట్టి, “నా పొయ్యి మొకం సూడనియి గియ్యే” అని వెళ్లిపోయింది.

ఊరివాళ్లు అర్జీ పెట్టారు. విచారణకు ఇంజనీరు గారే వచ్చారు. పాత హైదరాబాద్ సర్కారు నాటి మనిషి, రిటైరు కావడానికి ఏడాది ఉంది, పాన్ వల్ల ఎక్కువ మాట్లాడేవారు కాదు. నరహరి గారు నమ్మకంగా చెప్పారు: వడ్రంగి లోపం, మేస్త్రీ అజమాయిషీ లోపం. ఇంజనీరు గారు రెండు చట్రాల్లోంచీ ఒక్కో చీల తీసి చూపించమన్నారు.

మొదటి చట్రం చీల భూమయ్య రెండు వేళ్లతో తీశాడు. తెల్లగా, గుండ్రంగా, గీత గీసినట్టు నిటారుగా వచ్చింది. మూడో చట్రం చీలకు ఇద్దరు మనుషులు, ఇనుప కడ్డీ, ఒక గంట పట్టాయి. అది బయటికి వచ్చేసరికి నడుమ రెండుచోట్ల వంగి, నాగలి మేడిలా వంకరగా ఉంది. గుంజుడు పెట్టిన చీల ఎప్పుడూ అలాగే వస్తుంది. అది చేసిన పని దాని ఒంటి మీద ఉంటుంది.

రెండు చీలలనూ రుమాలు మీద పక్కపక్కన పెట్టారు. నరహరి గారి ముఖం వెలిగిపోయింది.

“చూడండి సార్. నేను నా ఎదుట చేయించింది నిటారుగున్నది. నేను లేనప్పుడు చేసింది వంకర చీల.”

ఇంజనీరు గారు రెండూ చూశారు. ఊగుతున్న చట్రం వైపు చూశారు. ఊగని దాని వైపు చూశారు. నోట్లో పాన్ ఒక చెంప నుంచి రెండో చెంపకు మార్చారు. “మొదటి చట్రాన్ని మిగతావాటి మాదిరి చెయ్యండి” అని మాత్రం అని, వంకర చీలను జేబులో వేసుకుని వెళ్లిపోయారు. ఏది తప్పో ఏది ఒప్పో చెప్పలేదు. సర్వీసులో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి అంత తొందరపడి చెప్పడు.

రాతపూర్వకంగా చెప్పే బాధ్యత ఆఫీసు తీసుకుంది. పది రోజులకు నాకు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. వంకర చీలలు ఎందుకు వాడితివి, నీ మీద ఎందుకు చర్య తీసుకోరాదు, మూడు రోజుల్లో తెలుపుము. పర్మనెంటు కాగితం అక్కడే ఆగింది. ఆఫీసు ఉంచే మంచి వడ్రంగుల జాబితాలోంచి భూమయ్య పేరు తీసేయాలన్న ప్రతిపాదన కూడా అందులో ఉంది.

నా నాలుగు తరగతుల ఉర్దూ ఇందుకు చాలదు కనుక గుమాస్తాను కూర్చోబెట్టుకుని చెప్పాను. చీలలు కొట్టినప్పుడు నిటారుగా ఉన్నాయని, లోపల పని చేయడం వల్ల వంగాయని, నిటారుగా మిగిలిన చీల ఏ పనీ చేయనిదని రాయమన్నాను. గుమాస్తా కలం ఆపాడు.

“లచ్చన్నా, చివరి మాట తీసెయ్. అది చదివితే మా ఆఫీసుల అందరు నారాజైతరు.”

తీసేశాం. భూమయ్య పని నేను చెప్పినట్టే చేశాడని, ఆయన తప్పు లేదని ఒక వాక్యం చేర్చాం. ఆ వాక్యంతో నా పర్మనెంటు పోతుందని గుమాస్తా చెప్పాడు. పోయింది. నన్ను మందలించి ఫైలు మూసేశారు, భూమయ్య పేరు జాబితాలో ఉండిపోయింది. చివరి ఆర్డరు నకలు నా దగ్గర చాలా కాలం ఉండేది. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చు: ఇకమీదట చీలలు ఊడబెరికిన తరువాత సైతం నిటారుగా ఉండునట్లు చూడవలెను.

నవంబరులో వాగు తగ్గాక మొదటి చట్రం మళ్లీ చేశాం. రంధ్రాలు పాడైపోయాయి గనక కొత్త దూలాలు తెప్పించాం. భూమయ్య బర్మా పట్టుకుని, “గుంజుడు పెట్టన్నా, వద్దా?” అని అడిగాడు. నరహరి గారు అప్పుడే జీపు దిగుతున్నారు. “ఆయన పోయినంక పెట్టు” అన్నాను. ఆ రోజంతా భూమయ్య బర్మాకు తాడు కట్టడం, విప్పడం చేశాడు. నరహరి గారు ఆయన శ్రద్ధను మెచ్చుకుని సాయంత్రం వెళ్లిపోయారు. మర్నాడు మల్లవ్వ తట్టలో మిగిలినవాటిలోంచి ఎనిమిది నల్ల చీలలు దింపాం. ఓవర్సీరు ఊయల ఆగిపోయింది. ఊరివాళ్లు ఆ పేరు మాత్రం వదలలేదు.

మూడేళ్ల తర్వాత, మరో ఓవర్సీరు కింద, మరో పని మీద నేను పర్మనెంటు అయ్యాను. ఆయన టీ తాగి సంతకం పెట్టాడు. వాగు మీద సిమెంటు వంతెన కట్టినప్పుడు పాతదాన్ని విప్పిన కంట్రాక్టరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, చీలలు రావడం లేదు, ఏం మందు పెట్టారని అడిగాడు. దూలాలు రంపంతో కోయాల్సి వచ్చిందట. ఆ కబురు భూమయ్యకు చెబితే, “ఇప్పుడన్న గుంజుడు మంచిదని రాస్తరా?” అన్నాడు.

1968లో నన్ను వర్క్ ఇన్‌స్పెక్టరును చేశారు. అంటే ఇతరుల రంధ్రాల్లోకి తొంగి చూసే ఉద్యోగం నాకే వచ్చింది. ఆ వంతెన నాకు నేర్పింది ఒక్క పద్ధతి: తనిఖీకి వచ్చేవాడికి చీల దించిన తర్వాతే పని చూపించాలి. దాన్ని నా కింది మేస్త్రీలకు నోటితో చెప్పలేదు. ఎక్కడికి వెళ్లినా రెండు రోజుల ముందు కబురు పెట్టి, చెప్పిన రోజుకు ఒక రోజు ఆలస్యంగా వెళ్లేవాణ్ణి. కొందరు దాన్ని బద్ధకం అన్నారు, నా సర్వీసు పుస్తకంలో అలాగే రాశారు కూడా. నేను వెళ్లేసరికి చీలలన్నీ దిగి ఉండేవి.